మెట్టుగూడ సుత్తి

గోల్కొండ చప్పట్ల సంగతి ఎత్తకండి.
నా పని ఏమిటో చెప్పగానే
అందరూ ముందు ఆ చప్పట్లే కొడతారు.
నేను చెప్పేది సుత్తి గురించి.

పొడుగు కర్ర, చివర పిడికెడు ఇనుము.
మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటి ఇన్నయ్య
ముప్పై ఒక్క ఏళ్ళు, రాత్రి డ్యూటీ,
ఆగిన బండి పొడవునా వంగి నడుస్తూ
ఒక్కో చక్రాన్ని ఒకే దెబ్బ కొట్టి
చెవి ఒగ్గేవాడు.
మంచి చక్రం చాలాసేపు పలుకుతుంది.
బీటిచ్చినది, పైకి ఎంత మెరిసినా,
మాట మింగేస్తుంది.
"కోసి చూద్దామంటే చక్రమే ఉండదు గద బిడ్డా.
గందుకే కొట్టి అడగాలె."

ఇప్పుడు నేను అడుగుతున్నాను.
గచ్చిబౌలిలో, ఏసీ నీళ్ళు బకెట్లోకి కారే గదిలో,
చచ్చిపోయిన నక్షత్రాన్ని.

ఎంత ఉంటుందంటారా?
మియాపూర్‌లో మెట్రో ఎక్కి కునుకు తీస్తే
మూసారాంబాగ్ వచ్చేసరికి నక్షత్రం అయిపోతుంది.
ఆ కాస్త దూరంలోనే ఒక సూర్యుడు,
ఆ పైన కొసరుగా ఇంకొంత సూర్యుడు.
చాయ్‌లో చక్కెర కలిపే చెంచాతో కొంచెం తీసి
త్రాసులో ఇటు పెట్టి, అటు మౌలాలి గుట్ట పెడితే
గుట్ట గాల్లోకి లేస్తుంది.

లోపల ఏముందో ఎవరికీ తెలియదు.
న్యూట్రాన్లు అంటారు.
ఇంకా లోపల, అవి కూడా నలిగిపోయి
ఏదీ విడిగా ఉండలేని ముద్ద అంటారు.
నా దగ్గర పదిహేడు ఊహలు, పదిహేడు ఫైళ్ళు,
ఒక్కో ఊహకీ ఒక్కో శ్రుతి.
లోపల మెత్తనైతే నక్షత్రం ముడుచుకుని
కీచుగా పలుకుతుంది,
గట్టిదైతే ఒళ్ళు విడిచి మంద్రంగా.
తిరగేసి చెప్పానేమోనని
మొదటి ఏడాదంతా నాకే అనుమానం.

కొట్టేది ఎవరు మరి?
ఇంకో నక్షత్రం వచ్చి మీద పడాలి.
లేదా తిరుగుతూ తిరుగుతూ
తనకు తానే ఉలిక్కిపడాలి.
అప్పుడు సెకనుకు రెండువేలసార్లు
సొట్టపడి, ఉబ్బి, సొట్టపడి
తన చుట్టూ ఉన్న చోటునే వణికిస్తుంది.
ఆ వణుకు యుగాలు నడిచి
హుస్సేన్ సాగర్ మీదుగా పోతుంది, ఒక్క నాచుపోగూ కదలదు.
మనల్ని కూడా సాగదీసి వదిలేస్తుంది,
ఏ దర్జీ టేపుకూ దొరకనంత.

పావు సెకను. అంతే.
చక్రం మోత గాలిలో అరుగుతుంది, పట్టాలో ఇంకుతుంది.
దీనికి గాలీ లేదు, పట్టా లేదు.
చెప్పడంలోనే ఖర్చయిపోతుంది.
తన లోపలి మాట ఎంత బయటికిస్తే
అంత తొందరగా ఊరుకుంటుంది.
ఈ సమీకరణం దగ్గరికి వచ్చినప్పుడల్లా
లేచి వెళ్ళి ఆ బకెట్ పారబోసి వస్తాను.

ఇన్నయ్యకు చివరి నాలుగేళ్ళు చెవులు లేవు.
ఎవరికీ చెప్పలేదు.
సుత్తి పిడిని మణికట్టుకు ఆనించుకుని
ఎముకతో విన్నాడు.
ఆ నాలుగేళ్ళలో మూడు బీటలు పట్టాడు.
తర్వాత పట్టాల పక్కన సెన్సర్లు వచ్చాయి,
సుత్తి వంటింటి తలుపుకు ఆనుకుంది.

మొన్న ఆదివారం, పూజ అయ్యాక, చర్చి మెట్ల మీద
చిన్న స్పీకర్ అతని అరచేతిలో పెట్టాను.
పదకొండో ఊహ.
పావు సెకను.
"మల్లొక్కసారి."
మళ్ళీ పెట్టాను. మణికట్టు దాకా జరుపుకున్నాడు.
"మల్లొక్కసారి."
కళ్ళు మూసుకున్నాడు. ఎదుట ఆటో ఒకటి ఆగి, మా ఇద్దర్నీ చూసి పోయింది.

"ఏ బండిది బిడ్డా ఇది?"
అతనికి కనబడేలా పెదవులు తిప్పుతూ చెప్పాను,
ఇంకా రాలేదని.
ఇప్పటిదాకా ఎవరూ వినలేదని.
ఇది నేను కట్టిన లెక్క మాత్రమేనని.

స్పీకర్ తిరిగి నా చేతిలో పెట్టి
చొక్కా గుండీ సర్దుకున్నాడు.
"గట్లైతే డ్యూటీల ఉండు."